మేము కాదమ్మా, మనం

లిఫ్టులు బాగుచేసేవాడికి మాటలతో పెద్ద పని ఉండదు. మేడ మీద మోటారు గదిలో ఒకడుంటాడు, అడుగున గుంతలో ఇంకొకడుంటాడు. మధ్యలో పది, పన్నెండు అంతస్తుల చీకటి. వాకీటాకీలో ఇద్దరి మధ్యా తిరిగేవి నాలుగే నాలుగు మాటలు: ఆపు, ఎత్తు, దించు, సరే. ఈ కథలోని మెకానిక్కుకు ఆ నాలుగు మాటలూ, వాటికి తోడు మరో రెండు మూడు వందలూ వచ్చు. వాటితోనే ఆ ఊళ్లో పదకొండేళ్లు నెట్టుకొచ్చాడు. అతని భాష తెలుగు. ఆ వీధిలో, అతను పనిచేసే కంపెనీలో, అతను ఎక్కి దిగే మేడల్లో ఆ భాష అతనికి తప్ప ఇంకెవరికీ రాదు.

అలాగని ఊరు మారి మూగపోయినవాడేం కాదు. చిన్నప్పటినుంచీ అంతే. "వీడి నోట్లోంచి మాట రావాలంటే పట్టకారు పెట్టి లాగాలి" అనేది వాళ్లక్క. "ఇంటికి కావలసిన మాటలన్నీ నువ్వే మాట్లాడేస్తే వాడికేం మిగులుతుంది పాపం" అనేవాడు బావ.

అతని భార్య ఆ ఊరి మనిషే. కళ్లద్దాల షాపులో పని. అతను అద్దాల కోసం వెళ్లినప్పుడు గోడ మీది అక్షరాలు చదవమంది. కనిపించక కాదు, ఆ అక్షరాలకు నోరు తిరగక ఆగిపోయాడు. ఆమె ఒక్క క్షణం అతని మొహం చూసి, ఆ అట్ట తీసేసి చిన్నపిల్లల అట్ట తగిలించింది. ఇల్లు, చేప, గొడుగు, కుర్చీ బొమ్మలు. అతను నవ్వేశాడు. ఆ తర్వాత అద్దాలు సరిగ్గా కుదరలేదని మూడుసార్లు షాపుకు వెళ్లాడు. నిజానికి మొదటిసారే కుదిరాయి. ఏడాది తిరక్కుండా పెళ్లి చేసుకున్నారు.

వాళ్లకు ఆడపిల్ల పుట్టింది. పక్షిపిల్లంత ఉండేదని అతను గువ్వ అని పిలిచాడు, ఆ పేరే ఉండిపోయింది. నర్సు తెచ్చి చేతుల్లో పెట్టినప్పుడు అతని నోటివెంట వచ్చిన మాట, "ఏమే, వచ్చావా? ఎంతసేపు చేశావే." ఏమన్నావని భార్య అడిగింది. 'వచ్చావా' వరకూ చెప్పగలిగాడు. 'ఏమే'ని ఎలా చెప్పాలో తెలియలేదు.

ఆ రోజునుంచి ఆనకట్టకు గండి పడ్డట్టే అయింది. ముప్ఫై ఆరేళ్లు నోట్లో దాచుకున్న మాటలన్నీ ఆ పిల్ల ముందు గుమ్మరించాడు. స్నానం చేయిస్తూ, చొక్కా బొత్తాలు పెడుతూ, జోళ్ల తాళ్లు ముడేస్తూ ఒకటే కబుర్లు. ఎక్కువగా లిఫ్టుల కబుర్లే. "ఇవాళ ఒక లిఫ్టు అలిగిందే గువ్వా. మూడో అంతస్తులో ఆగవే తల్లీ అంటే రెండు వేళ్లు కిందే ఆగుతానంటుంది. దిగేవాళ్లందరూ తట్టుకుని తూలుతున్నారు. ఏమైంది నీకు అని అడిగా. బ్రేకు అరిగిపోయినా నన్ను ఎవరూ పట్టించుకోలేదు అంది." గువ్వ కిలకిలా నవ్వేది. వంటగదిలో అమ్మకు ఆ గోలంతా వినిపించేది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, మాట్లాడని మొగుడు మాట్లాడుతున్నాడన్న సంగతి మాత్రం బాగా అర్థమయ్యేది.

ఆదివారం ఆదివారం అక్క ఫోన్ చేసేది. "పిల్లతో మన భాషలోనే మాట్లాడు. లేకపోతే రేపు నేను నా మేనకోడలితో సైగలు చెయ్యాలా?" అనేది. గువ్వకు అత్త మాటలన్నీ అర్థమయ్యేవి. నాన్న మాటలూ అర్థమయ్యేవి. జవాబు మాత్రం ఎప్పుడూ అమ్మ భాషలోనే. 'నాన్నా', 'ఎత్తుకో', 'వద్దు', 'ఇంకా': తెలుగులో దాని నోటినుంచి వచ్చేవి ఈ నాలుగే. వాకీటాకీలో నాన్న మాటలూ నాలుగే కదా అని అతను సరిపెట్టుకున్నాడు.

గువ్వకు ఆరో ఏడు నడుస్తుండగా ఒకే వారంలో మూడు సంగతులు జరిగాయి.

సోమవారం టీచరు పిలిపించింది. మంచి మనిషే, మంచికే చెప్పింది. పిల్ల క్లాసులో నెమ్మదిగా మాట్లాడుతోంది, మాట కోసం వెతుక్కుంటోంది, ఇంట్లో రెండు భాషలు కలగాపులగం అయిపోతున్నాయేమో, కొన్నాళ్లు ఒకే భాష మాట్లాడి చూడండి అంది. అతను తల ఊపాడు. అడగాలనుకున్నవి రెండు మూడు ఉన్నాయి గానీ, వాటికి సరైన మాటలు కూర్చుకునేసరికి టీచరు లేచి నిలబడింది.

బుధవారం స్కూలు గేటు దగ్గర గువ్వ జోడు తాడు ఊడి వేలాడుతోంది. "గువ్వా, ఆగు, కాలికి అడ్డం పడుతుంది" అన్నాడు. పక్కనున్న స్నేహితురాలు ఆ చప్పుడును ఆటగా అనుకరించింది, "డడ్డం పడ్డం" అంటూ. వెక్కిరింత కూడా కాదు, పిల్లచేష్ట. కానీ గువ్వ మొహం ఎర్రబడింది. అతని చెయ్యి పట్టుకుని కిందికి లాగి, చెవిలో అమ్మ భాషలో అంది, "నాన్నా, ఇక్కడ అలా మాట్లాడకు."

శుక్రవారం భోజనాల దగ్గర తండ్రీకూతుళ్లు దేనికో పడి పడి నవ్వుతున్నారు. భార్య చెంచా కింద పెట్టి అంది. కోపం లేదు, అలసటే ఉంది. "మీరిద్దరూ అలా నవ్వుతుంటే నేను హోటల్లో పక్క టేబుల్ దగ్గర కూర్చున్నట్టుంటుంది."

అతను ఎవరితోనూ ఏమీ అనలేదు. శనివారం పొద్దున గువ్వ లేచి రాగానే ఆ ఊరి భాషలో పలకరించాడు. ఆ తర్వాత అదే భాష. తెలుగు ఆపేశాడు.

మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. టీచరు సంతోషించింది. భార్య కూడా, నిజం చెప్పాలంటే, తేలికపడింది. అతని పరిస్థితే ఎలాగో అయిపోయింది. ఆ భాషలో అతనికి స్కూలు ఎలా ఉంది అని అడగడం వచ్చు, తిన్నావా అనడం వచ్చు, పళ్లు తోముకో అనడం వచ్చు. ఆ మూడూ అయిపోయాక ఇంకేముంది? ఒకరోజు లిఫ్టు కబురు చెబుదామని కూర్చున్నాడు. 'అలిగింది' అన్నచోట ఆగిపోయాడు. ఆ భాషలో 'చెడిపోయింది' ఉంది, 'కోపం వచ్చింది' ఉంది. తెలిసిన మాటలతోనే చెప్పాడు, "లిఫ్టు చెడిపోయింది. నేను బాగుచేశాను." గువ్వ ఇంకా ఏమైనా ఉందేమోనని కాసేపు చూసి, "ఊఁ" అని బొమ్మల పుస్తకం తెరిచింది.

అక్క ఫోన్ వస్తే బాల్కనీలోకి వెళ్లి మాట్లాడేవాడు. పిల్లకివ్వరా అంటే చదువుకుంటోంది అనేవాడు. "ఆరేళ్ల పిల్ల ఆదివారం పూట అంత చదువేం చదువుతోందిరా, కలెక్టరు పరీక్షకా?" అని అక్క నిలదీస్తే నవ్వి ఊరుకునేవాడు. ఇలా ఎనిమిది నెలలు గడిచాయి. ఇంట్లో గొడవల్లేవు. చప్పుడూ లేదు.

ఒకరోజు పొద్దున జడ వేయించుకుంటూ గువ్వ అమ్మనడిగింది. "నాన్నకి నా మీద కోపమా?"

"లేదే. ఎందుకలా అనుకున్నావు?"

"నాతో పక్కింటాయనలాగా మాట్లాడుతున్నాడు." కాసేపు ఆలోచించి మళ్లీ అంది, "ముందున్న నాన్న ఎప్పుడొస్తాడు?"

అమ్మ చేతిలో జడ అలాగే ఉండిపోయింది. ముందున్న నాన్న ఏమనేవాడో ఆమెకు ఏనాడూ తెలియదు. కానీ ఆ మనిషిని ఆమె ఎరుగును. వంటగదిలో గిన్నెలు తోముతూ గోడ అవతలి గొంతుగా ఆరేళ్లు విన్నది ఆ మనిషినే. ఎనిమిది నెలలుగా ఆ గొంతు వినపడకపోవడం తనకూ ఎక్కడో కొరతగానే ఉందని, అది దేనివల్లో ఇప్పటిదాకా ఆలోచించలేదని అప్పుడు తట్టింది.

సోమవారం ఆమెకు షాపు సెలవు. భర్త పనికీ, పిల్ల బడికీ వెళ్లాక ఫోన్ తీసుకుని ఆడపడుచుకు మెసేజ్ పెట్టింది. తన భాషలో రాస్తే ఫోనే తెలుగులోకి మార్చి పంపుతుంది. ఆమె రాసింది మీ తమ్ముడి భాష నేర్పమని, ఫోన్ పంపింది ఇంకొకటి. అక్కకు చేరిన తెలుగు ఇలా ఉంది: "దయచేసి మీ తమ్ముని నాలుక నాకు కావాలి."

అక్క హడలిపోయి వెంటనే వీడియో కాల్ చేసింది. తమ్ముడికేమైందో, ఏ ఆస్పత్రిలో ఉన్నాడో అని కంగారు. ఇద్దరికీ ఉమ్మడి భాష ఒక్క ముక్క లేదు. మరదలు తన నోరు చూపించింది, ఫోన్లో అక్క నోరు చూపించింది, గువ్వ ఫొటో చూపించింది, చివరికి ఒక చెంచా ఎత్తి పట్టుకుని కళ్లెగరేసింది. అక్కకు అప్పుడు వెలిగింది. "ఓసి నా తల్లీ" అని, లోపలికెళ్లి తనూ ఒకటి తెచ్చి ఎత్తి పట్టుకుంది. "చెంచా" అంది.

అలా మొదలైంది చదువు. ప్రతి సోమవారం పది గంటలకు. అక్క తన వంటింట్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటే ఎత్తి చూపించేది: గిన్నె, మూత, గరిటె, జల్లెడ. తర్వాత చేసి చూపించేది: తింటున్నాను, తాగుతున్నాను, పడుకున్నాను. అర్థం కాలేదంటే గొంతు పెంచేది. మరదలికి వినపడక కాదు, తెలియక అని బావ పక్కనుంచి చెప్పినా వినేది కాదు. ఇంకా గట్టిగా, ఇంకా నెమ్మదిగా "ప-డు-కు-న్నా-ను" అని అరిచేది. అక్క పలికినదల్లా మరదలు ఒక నోటుబుక్కులో తన లిపిలో రాసుకునేది.

ఒక సోమవారం బావ పక్కనుంచి వెళ్తుంటే ఆమె మర్యాదగా పలకరించింది. "బాగున్నారా, ఏమండీ?"

బావ నిలబడిపోయాడు. అక్క ముందు తెల్లబోయి, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. సంగతేమిటంటే, పెళ్లయినప్పటినుంచీ ఫోన్ చేసినప్పుడల్లా అక్క లోపలికి తిరిగి "ఏమండీ" అని కేకేస్తుంది, ఆయన వస్తాడు. ఏడేళ్లుగా ఆమె అది ఆయన పేరే అనుకుంటోంది. "నేను పిలిస్తే పలకడానికి పావుగంట పడుతుంది, నువ్వు పిలిస్తే చూడు ఎలా ఆగిపోయారో" అంది అక్క కళ్లు తుడుచుకుంటూ. ఆయన్ని నువ్వు అన్నయ్యా అనాలమ్మా అని నేర్పడానికి ఆ రోజు పాఠమంతా సరిపోయింది. అసలు ఏమండీ ఎవర్ని అనాలో చెప్పడం ఆ నవ్వుల్లో మర్చిపోయింది.

మూడు నెలలయ్యాక ఒక సాయంత్రం మెకానిక్ ఇంటికొచ్చాడు. గోళ్లలో గ్రీజు పోయేదాకా చేతులు తోముకుని భోజనానికి కూర్చున్నాడు. గువ్వ ఎదురుగా కూర్చుంది. భార్య గిన్నె మూత తీసి, నించునే ఉండి, గొంతు సవరించుకుని స్పష్టమైన తెలుగులో అంది, "ఒరేయ్. చల్లారిపోతుంది, తొందరగా తినరా."

అతని చెయ్యి గాల్లోనే ఆగింది. గువ్వ నోరు తెరిచి అమ్మను చూస్తోంది. భార్యకు ధైర్యం వచ్చింది. బాగానే అన్నాననుకుని తర్వాతి వాక్యం కూడా వదిలింది. "నేను వండాడు. నేను కూడా కొంచెం తిన్నాడు."

"తిన్నాడు కాదమ్మా," అంది గువ్వ. "తిన్నాను. నాన్న తిన్నాడు. నువ్వు తిన్నావు. నేను తిన్నాను."

 ఆ పిల్ల పుట్టాక నాలుగు మాటలకు మించి తెలుగు మాట్లాడటం అదే మొదలు. తనేం చేసిందో దానికే తెలియదు. అమ్మ తప్పు మాట్లాడింది, తను దిద్దింది, అంతే. పైగా ఇంకా పెద్ద తప్పొకటి మిగిలి ఉంది.

"ఇంకోటి. నాన్నని ఒరేయ్ అనకూడదు."

"మీ అత్త అంటుందిగా?" అంది అమ్మ తన భాషలో, నిజంగానే తెలియక.

గువ్వ తెలుగులోనే జవాబు చెప్పింది. "అత్త అనొచ్చు. అత్త నాన్నకి అక్క. నువ్వు అమ్మవి కదా. నువ్వంటే తప్పు."

మెకానిక్ గ్లాసు ఎత్తి మంచినీళ్లు తాగాడు. మొరాయించిన లిఫ్టు ఉన్నట్టుండి తనంతట తాను కదిలితే, పని తెలిసినవాడు చెయ్యి వెయ్యడు. చప్పుడు చెయ్యకుండా చూస్తూ నిలబడతాడు. అతనూ అదే చేశాడు. పిల్ల ఆరేళ్లు విన్నదంతా లోపల ఎక్కడా పోకుండా, తడి ఆరకుండా ఉందని మాత్రం అతనికి తెలిసిపోయింది.

ఆ రోజు గిన్నెలు తను కడుగుతానని భార్య పక్కన నిలబడ్డాడు. ఆమె ఒక్కొక్కటే తుడుస్తోంది. మాటలు ఆమె భాషలోనే నడిచాయి.

"ఎందుకు ఆపేశావు?" అంది.

"నువ్వే అన్నావుగా. పక్క టేబుల్ దగ్గర కూర్చున్నట్టుందని."

"అన్నాను. మీ టేబుల్ దగ్గరికి నన్ను కూడా పిలుస్తావనుకున్నాను. నువ్వు టేబులే తీసేశావు."

అతను చాలాసేపు ఒకే గిన్నెను కడిగాడు. "టీచరు కూడా చెప్పింది," అన్నాడు.

"ఆవిడ పిల్ల గురించి చెప్పింది. నీ గురించి ఆవిడకేం తెలుసు?" ఆమె గుడ్డ పక్కన పెట్టింది. "నాతో ఎందుకు చెప్పలేదు? ఎనిమిది నెలలు. పదకొండు అనుకో ఇప్పటికి."

"మీ భాషలో నాకు చెప్పడం రాదు. పని మాటలే వచ్చు." కొళాయి కట్టేశాడు. "లిఫ్టు అలిగిందని పిల్లకి చెప్పాలి. దానికి మాట లేదు."

'అలిగింది' అన్నది తెలుగులో అన్నాడు. అంటే ఏమిటని ఆమె అడిగింది. అతను తడుముకుంటూ చెప్పాడు. కోపం కాదు. కోపం ఎవరి మీదైనా వస్తుంది. ఇది మనవాళ్ల మీదే వస్తుంది. వచ్చినవాళ్లు మాట్లాడకుండా మూల కూర్చుంటారు. కూర్చున్నవాళ్లకి వెళ్లిపోవాలని ఉండదు, ఎవరైనా వచ్చి బతిమాలాలని ఉంటుంది. అతను ఆ ఊరి భాషలో ఒక్క ఊపున అన్ని మాటలు మాట్లాడటం ఆమె ఎన్నడూ వినలేదు.

అంతా విని ఆమె అంది, "అయితే పదకొండు నెలలూ నువ్వు చేసింది అదే."

ఆమె పక్కన పెట్టిన గుడ్డ తీసుకుని అతను గిన్నెలు తుడవడం మొదలుపెట్టాడు. 

మర్నాటినుంచి ఇంట్లో తెలుగు మళ్లీ మొదలైంది, ఈసారి ముగ్గురి మధ్య. అమ్మకు తప్పులు దొర్లడం, గువ్వ పట్టుకోవడం. ఆ పిల్లకు అదొక ఆట అయిపోయింది. లోకంలో పెద్దవాళ్లు పిల్లల్ని దిద్దుతారు; ఈ ఇంట్లో తను అమ్మను దిద్దొచ్చు. తప్పు పట్టాలంటే ఒప్పు చెప్పాలి, ఒప్పు చెప్పాలంటే నోరు తెరవాలి. అమ్మ కొన్నిసార్లు తెలిసే తప్పు మాట్లాడుతోందని మెకానిక్కుకు అనుమానం వచ్చింది గానీ అడగలేదు.

ఒక ఆదివారం ముగ్గురూ బయల్దేరుతున్నారు. అమ్మ గుమ్మం దగ్గర ఒక కాలికి జోడు వేసుకుని, రెండోదాని కోసం చూస్తూ అంది, "తొందరగా రండి. మేము బజారుకి వెళ్దాం."

"మేము కాదమ్మా, మనం," అంది గువ్వ.

"రెండూ ఒకటే కదా?"

"కాదు." గువ్వ చెప్పడానికి తిప్పలు పడింది, తెలుగు చాలక అమ్మ భాషలోకి దిగింది. "మేము అంటే నువ్వెవరికి చెప్తున్నావో వాళ్లు రారు. నేనూ నాన్నా వెళ్లి నువ్వు ఇంట్లో ఉంటే, నీతో మేము వెళ్తున్నాం అంటాను. నువ్వూ వస్తే మనం."

అమ్మ అక్కడే మెట్టు మీద కూర్చుంది. "మా భాషలో రెండింటికీ ఒకటే మాట," అంది. తర్వాత, జోడు చేతిలో పట్టుకునే, "మరి అన్నం తినేటప్పుడు నాన్న ఏమనేవాడు? ముందు, నాకు అర్థం కానప్పుడు?" అని అడిగింది.

"మనం అనేవాడు," అంది గువ్వ, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. "మనం అమ్మకి చాకొలెట్ తెద్దాం అని నాకు చెప్పేటప్పుడు నేనూ నాన్నా. మనం ఆదివారం ఎక్కడికెళ్దాం అన్నప్పుడు నువ్వు కూడా."

మనం. ఆ మాట ఆమె వేలసార్లు విన్నది. మిగతా మాటలన్నీ కలిసి ప్రవాహంలా పోతున్నా ఆ ఒక్కటీ మాటిమాటికీ తేలుతుండేది. పిల్లకు పెట్టుకున్న ఏదో ముద్దు పేరేమో అనుకుంది. అందులో తనూ ఉందని ఆమెకు ఇన్నేళ్లూ తెలియదు. గుమ్మం బయట తాళంచెవితో నిలబడ్డ మెకానిక్ ఇదంతా విన్నాడు. లోపలికి వచ్చి, వంగి, ఆమె చేతిలోని జోడు తీసుకుని కాలికి వేశాడు.  బజారు మూసేవేళకు చేరారు.

స్కూలు దగ్గరి సంగతి అంత సులువుగా తేలలేదు. గేటు దగ్గర తెలుగు వద్దనే గువ్వ పట్టుబట్టింది. అతను ఒప్పుకున్నాడు. మూలమీద మందుల షాపు దాటేదాకా ఇద్దరూ ఆ ఊరి భాషలో ముక్తసరిగా నడిచేవాళ్లు, దాటగానే తెలుగు. ఆ ఒప్పందాన్ని చెడగొట్టింది 'డడ్డం పడ్డం' స్నేహితురాలే. ఒకరోజు ఆడుకోవడానికి ఇంటికొచ్చింది. గువ్వ వాళ్లమ్మకు పాఠం చెబుతుంటే కళ్లప్పగించి చూసింది. పెద్దవాళ్లను అలా దిద్దొచ్చా? నాకూ నేర్పు అంది. ఏం నేర్పమంటావంటే, పొట్టిగా, గట్టిగా ఉన్నదేదైనా చాలంది. గువ్వ 'ఒరేయ్' నేర్పింది. వారం తిరిగేసరికి క్లాసు క్లాసంతా ఒకరినొకరు ఒరేయ్ అనుకుంటున్నారు. ఆ మాటకు అర్థమేమిటి, బూతు కాదు కదా అని టీచరు చీటీ పంపింది.

మెకానిక్ మర్నాడు పని మధ్యలో, యూనిఫాం మీదే వెళ్లాడు. దారి పొడుగునా ఆ ఊరి భాషలో మాటలు కూర్చుకున్నాడు. "బూతు కాదు. మా అక్క నన్ను అలా పిలుస్తుంది," అన్నాడు. "దగ్గరివాళ్లను అంటారు. దూరంవాళ్లను అంటే మాత్రం దెబ్బలు పడతాయి. పిల్లలకి నేను చెప్తాను." టీచరు నవ్వింది. అతను లేవలేదు. "మీరు ఒక భాష చాలన్నారు. నేను ఆపాను. అప్పుడు నా కూతురికి నేను లేకుండా పోయాను. మళ్లీ మొదలుపెట్టాం. అది మాటల కోసం వెతుక్కుంటే మీరు కాస్త ఆగండి. దొరుకుతాయి." టీచరు చేతిలో పెన్ను కింద పెట్టింది. తర్వాత, తనకు తెలిసినదాన్ని బట్టి చెప్పానని, ఇది తెలియదని అంది. ఇద్దరూ లేచి నిలబడ్డారు. ఆ క్లాసులో పిల్లలకు అతను ఒరేయ్ ఎవర్ని అనొచ్చో, ఎవర్ని అనకూడదో పది నిమిషాలు చెప్పాడు. గువ్వ మొదటి వరసలో తలొంచుకుని కూర్చుంది, కానీ చివర్లో ఒక పిల్లవాడికి అతను చెప్పింది అర్థం కాకపోతే తనే లేచి చెప్పింది.

అన్నీ చక్కబడ్డాయని కాదు. గువ్వ తెలుగుకు అమ్మ భాష యాస అంటుకునే ఉంది. ళ అనమంటే ల అంటుంది. చదవడం, రాయడం ఇంకా పట్టుబడలేదు. అక్షరాలు మొదలుపెట్టి మూడుసార్లు మానేశారు. విసుగొచ్చిన రోజున మొత్తం అమ్మ భాషలోనే మాట్లాడి ఊరుకుంటుంది, అతనూ ఊరుకుంటాడు. అమ్మ తెలుగు ఒక చోటికొచ్చి ఆగింది: వంటిల్లు, వీధి, వాతావరణం, ఆడపడుచుతో గంటసేపు నడిచే కబుర్లు. ఆ కబుర్లలో ఎవరేం అంటున్నారో బావక్కూడా అర్థం కాదు, వాళ్లిద్దరికీ మాత్రం అర్థమవుతుంది. అన్నిటికన్నా చిత్రం, ఆ ఊరి భాష అతనికి ఇప్పుడు మునుపటికన్నా బాగా వస్తోంది. ఇంట్లో ఒక భాషలో నోరు తెరుచుకుంటే రెండోదానిలోనూ తెరుచుకుంటుందేమో. గుంతలో ఉండే తోటి పనివాడు, "ఈ మధ్య వాకీటాకీలో నీ గోల ఎక్కువైంది" అని ఫిర్యాదు చేశాడు.

గువ్వకు తొమ్మిదేళ్లు నిండిన ఏడు, వేసవి సెలవుల్లో ఒక పేచీ వచ్చింది. స్నేహితురాలి ఇంటివాళ్లు ఆదివారం చెరువు దగ్గరికి ఈతకు వెళ్తున్నారు, తనూ వెళ్తానంది. ఈత సరిగ్గా రాకుండా వద్దన్నాడు నాన్న.

"అందరి నాన్నలూ పంపిస్తున్నారు," అంది గువ్వ తెలుగులో.

"అందరి సంగతి నాకెందుకు? మునిగితే నా కూతురు మునుగుతుంది."

"నువ్వెప్పుడూ ఇంతే నాన్నా. ఏదడిగినా ముందు వద్దంటావు, తర్వాత ఆలోచిస్తావు."

"ఆలోచించే వద్దంటున్నాను."

"ఎక్కడ ఆలోచించావు? నేను అడగడం అవ్వకముందే తల ఊపావు. నేను చూశాను."

"నాకే నేర్పుతున్నావా?"

"నేర్పితే నేర్చుకోవాలిగా."

ఇద్దరి గొంతులూ లేచాయి. పాత పేచీలన్నీ బయటికొచ్చాయి. కొనివ్వని సైకిలు, చెప్పకుండా పారేసిన బొమ్మ, వర్షంలో తడిసొచ్చిన రోజు. ఒక్కరూ తగ్గలేదు, ఒక్కరూ భాష మార్చలేదు. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఇద్దరి మధ్యా నిలబడి, ఒకసారి ఇటూ ఒకసారి అటూ తల తిప్పింది. చివరికి చెయ్యెత్తింది.

"కొంచెం నెమ్మదిగా పోట్లాడండి," అంది తెలుగులో. "సగమే అందుతోంది నాకు. సైకిలు దాకా వచ్చాను. తర్వాత ఏమైంది?"

గువ్వకు నవ్వొచ్చింది. కోపంగా ఉన్నానన్న సంగతి గుర్తొచ్చి మూతి బిగించింది, కానీ ఆలస్యమైపోయింది. మెకానిక్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. గువ్వ చివరికి కుర్చీ లాక్కుని కూర్చుని, అమ్మకు వర్షం సంగతి మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది. తప్పంతా నాన్నదే అయ్యేలా చెప్పింది. "అలా కాదు జరిగింది" అని అతను మధ్యలో అడ్డుపడ్డాడు. "నన్ను చెప్పనీ నాన్నా," అంది ఆ పిల్ల.

ఆ ఆదివారం అతను పంపలేదు. ఆ తర్వాతి ఆదివారం ముగ్గురూ కలిసి వెళ్లారు. తనకూ ఈత రాదని అతను అక్కడికెళ్లాక ఒప్పుకున్నాడు.